నిలువుపిట్టలకు తలంటిన కోడలు

అటు జరగండర్రా, నడుం వాల్చనివ్వండి. ఒరేయ్ కామేశూ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే చెల్లాయి పండు ఏం కప్పుకుంటుంది? ఆ, అలా. పొద్దుట్నుంచీ టీవీలో చూసి పెంగ్విన్లు పెంగ్విన్లని నా ప్రాణం తోడేశారు, ఎండొస్తే ఏం చేస్తాయి, చలేస్తే ఏం చేస్తాయి అని. అమ్మమ్మకి దేవుడి కథలూ రాకాసి కథలూ తప్ప ఇంకేం వచ్చులే అనుకున్నారు. నాకు పెంగ్విన్ కథ కూడా వచ్చు. కానీ ఊ కొడుతూ వినాలి. మీ ఊ ఆగిన చోట నా కథా ఆగుతుంది, తర్వాత నన్నని లాభం లేదు.

అనగనగనగా, మన్యం కొండల మీద, మబ్బులకి నాలుగు మెట్లు కిందగా ఒక ఊరు. ఎండాకాలం వస్తే ఆ ఊళ్ళో బండలు పెటపెటలాడేవి. చలికాలం వస్తే గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకునేది. ఆ ఊరికో రాజు, పైడినాయకుడని. రాజుకి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. కొడుకుల సంగతి మనకొద్దు, వాళ్ళు పొద్దస్తమానం వేటలోనే ఉంటారు. కథంతా కోడళ్ళది.

పెద్ద కోడలు పేరిందేవి. మహా తెలివైంది. ఒకసారి ఇద్దరాడవాళ్ళు కోడిపెట్ట నాదంటే నాదని జుట్లు పట్టుకుని వస్తే, చీకటి పడే వేళకి దాన్ని వీధిలో వదిలెయ్యండి, ఏ ఇంటి గూట్లోకి పోతే వాళ్ళదే అందిట. అంతే, అప్పట్నుంచీ ఆవు పాలివ్వకపోయినా పేరిందేవిని అడగండి, అల్లుడు అలిగినా పేరిందేవిని అడగండి, పప్పు ఉడక్కపోయినా పేరిందేవిని అడగండి. ఆ మాట వింటుంటే ఆవిడకి ఎంత బాగుండేదో! బెల్లంముక్క బుగ్గన పెట్టుకున్నట్టు రోజంతా చప్పరించేది.

చిన్న కోడలు గవరమ్మ. దాన్నందరూ వెర్రి గవరమ్మ అనేవారు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. పదిదాకా లెక్కపెట్టమంటే ఎనిమిది దగ్గర దారి తప్పేది. చీమలబారు కనపడితే చాలు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే నోరు తెరుచుకుని చూస్తూ కూచునేది. మన సాలూరు చిన్నమ్మమ్మ లేదూ, మీ తాతయ్య తమ్ముడి భార్య, అచ్చం అలాంటి మనిషి. సరే, ఆవిడ ఊసు ఇప్పుడెందుకులే. ఊ కొడుతున్నారా?

ఒకనాడు ఓడ వర్తకుడొకడు రాజుగారికి కానుక తెచ్చాడు. ఏమిటా కానుక? పన్నెండు పిట్టలు. పిట్టలే గానీ ఎగరవు. మనుషుల్లా నిటారుగా నిలబడతాయి, నల్లటి వీపు, తెల్లటి పొట్ట, బుడిబుడి నడక. ఆ ఊరివాళ్ళకి పెంగ్విన్ అనే పేరేం తెలుసు? నిలువుపిట్టలు అన్నారు. రాజుగారు వాటిని చూసి పసిపిల్లాడైపోయాడు. కోట పెరట్లో కుంకుడు చెట్టు పక్కనే వాటికో కొలను తవ్వించాడు. మరి ఎవరికి అప్పగించాలి? ఇంకెవరికి, పేరిందేవికే. వచ్చే పుష్యపున్నమికి పొరుగు రాజు చూడ్డానికొస్తాడు, ఈలోగా ఒక్కదానికి ఏమైనా ఊరుకోనన్నాడు. చేపలు తేవడానికీ, చోటు కడగడానికీ గవరమ్మని తోడిచ్చాడు.

వైశాఖం వచ్చింది. కొండంతా పెనంలా కాలిపోతోంది. పిట్టలు నోళ్ళు తెరిచి రొప్పడం మొదలెట్టాయి. రెక్కలు ఒంటికి దూరంగా చాపుకుని నిలబడ్డాయి. ఈకలు రేపుకున్నాయి. పాదాలూ, ముక్కు పక్కన చర్మమూ ఎర్రబడ్డాయి. పేరిందేవి చూసి, ఇది దిష్టే, ఇంక మాట్లాడకండి అంది. ఎండుమిరపకాయలూ ఉప్పూ తెచ్చి దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకి పాపం అవి ఇంకా రొప్పాయి.

గవరమ్మ అప్పటికి మూడు రోజులుగా వాటినే చూస్తోంది. జబ్బూ లేదు, దిష్టీ లేదు అక్కా, వాటికి ఉక్కపోస్తోందంతే అంది. ఉక్కపోస్తే మనం చేతులు ఎడంగా పెట్టుకుని గుమ్మంలో నిలబడమూ, అందుకే రెక్కలు చాపాయి. లోపలి వేడి పోవడానికి ఈకలు రేపాయి. నెత్తుర్ని చర్మం దాకా తెచ్చి గాలికి చల్లార్చుకుంటున్నాయి, అందుకే ఎర్రబడ్డాయి. అలా అని ఊరుకోకుండా పలుగు తెచ్చి, కుంకుడు చెట్టు నీడలో ఇసక తడిపి గుంటలు తవ్వింది. పిట్టలు ఒక్కొక్కటే వెళ్ళి గుంటల్లో చల్లగా కూచున్నాయి. ఆ ఎండాకాలమంతా అలాగే గడిచిపోయింది.

రాజుగారు నిండు సభలో, చూశారా మా పెద్దకోడలి తెలివి, సముద్రప్పిట్టల్ని కొండమీద బతికించింది అని మురిసిపోయాడు. ఇది గవరమ్మ చేసిన పని అనే మాట పేరిందేవి నాలిక చివరి దాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేసింది. ఒక్క మాట, దానికేం పోయింది, వెర్రిదానికి పొగడ్తలెందుకు అనుకుంది. ఆ పూట భోజనాల దగ్గర గవరమ్మ ఎదురుగా కూచుని పెరుగు వడ్డించు అక్కా అంటే మాత్రం తలెత్తి చూడలేకపోయింది. సిగ్గు మొదటిసారి అలాగే వస్తుందర్రా, కాల్లో ముల్లు విరిగినట్టు చిన్నగా. అప్పుడే తీసేసుకోవాలి.

ఆవిడ తీసుకోలేదు. రోజులు గడిచాయి. పుష్యం వచ్చింది, గడ్డి మీద మంచు పేరుకుంది. ఇప్పుడు పిట్టలేం చేశాయి? ఎండకి చేసిందానికి అంతా తిరగేసి చేశాయి. రేపిన ఈకలు ఒంటికి అణిచేసుకున్నాయి, చాపిన రెక్కలు దగ్గరికి ముడుచుకున్నాయి. వేళ్ళు మంచుకి ఆనకుండా పైకెత్తి, తోక ఊతంగా మడమల మీద నిలబడ్డాయి. గాలి తోలిందంటే పన్నెండూ కలిసి ఒక్క ముద్దయిపోయేవి.

గవరమ్మకి ఇంక వేరే పనుందా? అక్కా అక్కా, గాలి వైపున్నది కాసేపటికి లోపలికి పోతోంది, లోపలున్నది గాలి వైపుకి వస్తోంది, వంతులేసుకుంటున్నాయే, రా చూద్దువుగాని అని పిలిచింది. ఇంకోటి కూడా చెప్పింది. రోజూ పొద్దున్నే తోక మొదట్లో ముక్కు పెట్టి ఏదో నూనె తీసుకుని ఒళ్ళంతా రాసుకుంటున్నాయి, అందుకే నీళ్ళలో దూకినా ఒంటికి అంటదు, చేమాకు మీద బొట్టు జారినట్టు జారిపోతుంది అంది. పేరిందేవికి వినే తీరికేదీ? పొరుగు రాజు వస్తున్నాడు, కోటంతా ముగ్గులు పెట్టించాలి. ఊ ఊ అంది. ఇప్పుడు పండు కొడుతున్న ఊ లాంటిది. ఏమే, నిద్రపోతున్నావా? లేదూ? సరే.

పున్నమి రేపనగా పేరిందేవి పిట్టల్ని పరకాయించి చూసింది. ఒకటే చేపల కంపు. పొట్టల మీద మట్టి మరకలు. ముట్టుకుంటే జిడ్డు. ఛీ, ఈ అవతారంతో పొరుగు రాజుకి చూపిస్తే నా పేరేం కాను అనుకుంది. పండగకి పిల్లలకి తలంటుతాం, పెళ్ళికి పెళ్ళికూతురికి తలంటుతాం, కొత్త అల్లుడొస్తే అతనికీ తలంటుతాం, ఈ పిట్టలేం పాపం చేశాయి?

గవరమ్మ ఏటికి చేపల కోసం వెళ్ళిన సమయం చూసి, కుంకుడుకాయలు రాతి మీద కొట్టింది, గింజలు తీసి పారేసింది, తొక్కలు వేణ్ణీళ్ళలో నానేసింది, రెండు చేతులా పిసికి పిసికి గంగాళం పొంగేలా నురగ తీసింది. ఒక్కొక్క పిట్టనీ మోకాళ్ళ మధ్య పెట్టుకుని రుద్దింది. మీకు కుంకుడు రసం కళ్ళలో పడితే మూడు వీధులకి వినపడేలా ఏడుస్తారు. అవి గింజుకోలేదు. తిండి పెట్టే ఇంటిమనిషే కదా అని కళ్ళు మూసుకుని నిలబడ్డాయి. ఎనిమిదింటికి పోసేసరికి రసం అయిపోయింది. మిగతా నాలుగూ అలాగే ఉండిపోయాయి.

మధ్యాహ్నం ఎండకి ఆరి ఎనిమిదీ తళతళలాడాయి. పేరిందేవి మురిసిపోయింది. సాయంత్రం అవి ఎప్పట్లాగే కొలనులోకి దూకాయి. దూకి బయటికొచ్చాయి. ఏవీ, నీళ్ళు జారవే! ఈకల్లోకి, ఈకల్లోంచి చర్మం దాకా దిగిపోయాయి. నానిన బొంతల్లా బరువెక్కి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, ఆ మంచులో గడగడగడ వణికాయి. తోక దగ్గర నూనె సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. అక్కడే చతికిలబడి తనలో తను ఇలా అనుకుంది.

పిట్ట ఎందుకు వణికింది? ఈకల్లో నీళ్ళు దిగి వణికింది. నీళ్ళెందుకు దిగాయి? ఒంటి మీద నూనె లేక దిగాయి. నూనె ఎందుకు పోయింది? కుంకుడు నురగ కడిగితే పోయింది. నురగ ఎందుకొచ్చింది? చేతులు పిసికితే వచ్చింది. చేతులెవరివి? అక్కడికొచ్చేసరికి మనసు నోరు మూసేసుకుంది.

పొరుగు రాజు ఒకరోజు ముందే దిగాడు. పైడినాయకుడు ఆయన్ని వెంటబెట్టుకుని గర్వంగా పెరట్లోకి వచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది, ఎనిమిది పిట్టలు తడిసి చలికి కొయ్యబారిపోయి ఉన్నాయి. ఏమైంది వీటికి, ఎవరు చేశారీ పని అని రాజు గర్జించాడు. అందరూ పేరిందేవి వైపు చూశారు. ఏది అడిగినా చెప్పేది ఆవిడే కదా. అప్పుడే గవరమ్మ చేపల బుట్టతో లోపలికొచ్చింది.

పేరిందేవి ఒక్కటే మాటంది. పిట్టల కడుగుడంతా గవరమ్మది కదండీ మావయ్యగారూ, అంది. చూశారా, అబద్ధం కూడా కాదు పూర్తిగా! రోజూ చోటు కడిగేది గవరమ్మే. తెలివైనవాళ్ళు చెడ్డ పని చేస్తే అంత శుభ్రంగా చేస్తారు.

వెర్రిదానివనుకున్నాను గానీ ఇంత పని చేస్తావనుకోలేదు అన్నాడు రాజు గవరమ్మతో. ఈ క్షణం నుంచీ కోటలో ఉండొద్దు, ఉత్తరపు వాకిలి దగ్గర పాకలో పడుండు, మూడోనాడు బండి కట్టిస్తాను, పుట్టింటికి పో, మళ్ళీ ఈ కొండెక్కొద్దు అన్నాడు. గవరమ్మ కాదనలేదు, ఏడవలేదు. పేరిందేవి చేతుల వంక ఒక్కసారి చూసింది. పొద్దున్నంతా కుంకుడు రసంలో నాని, తోలు పగిలి ముడతలు పడిపోయిన చేతులు. పేరిందేవి వాటిని గబుక్కున పైట కింద పెట్టేసుకుంది.

ఏమిట్రా? ఆగానా? ఏం లేదు, గొంతారింది. ఆ చెంబందుకో. ఊ.

మర్నాడు పొద్దున ఉత్తరపు గాలి మొదలైంది. ఎముకలు కొరికే గాలి. పేరిందేవి పిట్టల దగ్గర కూచుంది. పాపం, పెద్దమ్మగారు తిండి కూడా మానేసి పిట్టల్ని కాచుకుంటున్నారు, ఆ వెర్రిది చేసినదానికి ఈ మహాతల్లి అవస్థ పడుతోంది అని దాసీలు చెప్పుకుంటుంటే విన్నది. పొగిడితే ఒళ్ళు మండడం ఆవిడకి అదే మొదటిసారి. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు చూసింది పిట్టల్ని, నిజంగా చూసింది. తలంటని నాలుగు పిట్టలున్నాయే, అవి వెళ్ళి గాలికి అడ్డంగా నిలబడ్డాయి. తడిసిన ఎనిమిదీ వాటి చాటున ముడుచుకున్నాయి. మధ్యాహ్నానికి తడిసినవాటిలో ఒకటి కాస్త ఆరింది. ఆరగానే ఏం చేసింది? ఇంకా కాసేపు వెచ్చగా ఉందాంలే అనుకుందా? లేదు. బుడిబుడిమంటూ బయటికొచ్చి గాలి వైపు నిలబడి, అక్కడ నిలబడ్డదాన్ని లోపలికి పంపించింది. దానికెవరూ చెప్పలేదు. ఎవరూ పొగడనూ లేదు.

పేరిందేవి కళ్ళు ఉత్తరపు వాకిలి వైపు పోయాయి. గాలంతా తగిలేది ఆ పాకకే. నేను వెచ్చగా మధ్యలో దూరాను, దాన్ని తీసుకెళ్ళి గాలి వైపు నిలబెట్టాను, దాని వంతు ఎప్పటికీ తీరకుండా నిలబెట్టాను అనుకుంది. పిట్టపాటి సిగ్గు లేదే నాకు అని ఏడ్చింది. ఏడుస్తూనే మళ్ళీ మొదలెట్టింది. పిట్ట ఎందుకు వణికింది, నీళ్ళెందుకు దిగాయి, నూనె ఎందుకు పోయింది, నురగ ఎందుకొచ్చింది, చేతులెవరివి? మళ్ళీ అక్కడే ఆగిపోయింది. చెప్తే ఇంకెవరూ పేరిందేవిని అడగండి అనరు. అదీ ఆవిడ భయం. ఊరంతా వెర్రిదంటే గవరమ్మ ఎలాగో బతికింది, తనని అంటే తను బతకలేననుకుంది.

మూడోనాడు పొద్దున్నే ఉత్తరపు వాకిట్లో బండి కట్టారు. రాజుగారూ పొరుగు రాజూ ఊళ్ళో జనమూ అందరూ చేరారు. గవరమ్మ చిన్న మూట చంకన పెట్టుకుని బండెక్కబోతోంది. అప్పుడొచ్చింది పేరిందేవి, నురగ తీసిన గంగాళం నెత్తిన పెట్టుకుని. ఏమిటమ్మా ఇది అని రాజు అడిగాడు. ఆవిడ గంగాళం ఆయన కాళ్ళ దగ్గర దింపి, గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పింది.

"పిట్టలు ఎందుకు వణికాయి మావయ్యగారూ? ఈకల్లో నీళ్ళు దిగి వణికాయి. నీళ్ళెందుకు దిగాయి? నూనె లేక దిగాయి. నూనె ఎందుకు పోయింది? కుంకుడు నురగ కడిగితే పోయింది. నురగ ఎందుకొచ్చింది? చేతులు పిసికితే వచ్చింది. ఆ చేతులెవరివి? ఇవిగో, నావి. ఎండాకాలం పిట్టల్ని కాపాడిన చేతులు మాత్రం నావి కావు, గవరమ్మవి. ఆనాడూ నేను నోరు మూసుకున్నాను."

పేరిందేవికి కాళ్ళకింద నేల చీలిపోతే బాగుండుననిపించింది. నేల అలా అడిగినప్పుడల్లా చీలదు కదా, అందరి కళ్ళముందూ అలాగే నిలబడింది.

రాజు గవరమ్మ వైపు తిరిగి, ఏం శిక్ష వెయ్యమంటావో నువ్వే చెప్పమ్మా అన్నాడు. గవరమ్మ మూట కింద పెట్టింది.

"నాకు ముందే తెలుసండీ మావయ్యగారూ. ఆ రోజే పెరట్లో రాతి దగ్గర పారేసిన కుంకుడు గింజలు చూశాను. ఎవరి కంటా పడకూడదని పట్టుకొచ్చి ఈ పాక పక్కనే పూడ్చాను."

మరి ఎందుకు చెప్పలేదే పిచ్చితల్లీ అన్నాడు రాజు.

"ఆ పిట్టలు వంతులేసుకుంటాయి కదండీ. అక్క ఆ రోజు బాగా వణికిపోతోంది. అందుకని నేను గాలి వైపు నిలబడ్డాను. మూడు రోజులైంది, నా వంతు అయిపోయింది. ఇంక అక్క నిలబడుతుందిలెండి. మళ్ళీ నా వంతొస్తే నేనొస్తాను."

దాన్నే కదర్రా వెర్రిదన్నారు! పేరిందేవి అందరిలోనూ ఆ చిన్నదాని కాళ్ళు పట్టుకోబోతే, అది చేతులు పట్టుకుని లేపింది. అయ్యో అక్కా, చేతులింకా ముడతలు పోలేదే అని తన చీరచెంగుతో ఒత్తింది. నాలుగు తిట్టినా పేరిందేవికి అంత సిగ్గెయ్యకపోను.

శిక్ష మాత్రం పేరిందేవే అడిగి వేయించుకుంది. పిట్టల ఒంటికి మళ్ళీ నూనె పట్టేదాకా ఆ ఉత్తరపు పాకలోనే ఉంటానంది. పిట్టల్నీ అక్కడికే తోలించి, నీళ్ళ జోలికి పోకుండా చుట్టూ తడికలు కట్టింది. గవరమ్మ మాత్రం ఊరుకుంటుందా? కుంపటి ఒకటి పట్టుకుని సాయంత్రానికి అదీ దిగింది. ఇద్దరూ మోకాళ్ళు ముడుచుకుని కూచుని చూసేవారు. రోజూ పొద్దున్నే పిట్టలు తోక దగ్గర ముక్కు పెట్టి కాస్త నూనె తీసేవి, వీపుకి రాసేవి, పొట్టకి రాసేవి. తనకి అందని మెడ మీద పక్కది రాసేది. ఒక్క పూటలో కడిగేసిన నూనె, మళ్ళీ పట్టడానికి మాఘమాసం సగం గడిచిపోయింది. ఒకరోజు పేరిందేవి ఒక పిట్ట వీపు మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసింది. నాలుగూ గుండ్రంగా జారి కింద పడ్డాయి. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చేశారు.

పొరుగు రాజు మళ్ళీ వచ్చి చూసి వెళ్ళాడు. వేటకి పోయిన కొడుకులు తిరిగొచ్చారు. పన్నెండు పిట్టలూ ఇరవయ్యయ్యాయి. అందరూ సుఖంగా ఉన్నారు. ఆ తర్వాత కూడా జనం పేరిందేవిని అడగండి అని వచ్చేవారు. ఉండండి, మా చెల్లెల్ని కూడా పిలుస్తాను, అది చూసి ఉంటుంది అనేదావిడ. గవరమ్మ పూడ్చిన గింజలున్నాయే, వాటిలో ఒకటి మొలిచి ఉత్తరపు వాకిట్లో పెద్ద కుంకుడు చెట్టయింది. ముసలిదయ్యాక కూడా పేరిందేవి ఆ చెట్టు కింద నుంచి పోయేటప్పుడు తల దించుకునే పోయేదిట.

కాబట్టి తెలివుంది కదా అని ఎదుటివాళ్ళ మాట చెవిన పెట్టకుండా ఉండకూడదు, మన తప్పు ఇంకొకళ్ళ నెత్తిన రుద్దకూడదు. తెలిసిందా? ఇంక కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరాం. కళ్ళు మూసుకోండి.

ఏమిటే పండూ, ఇంకా పడుకోలేదూ? సాలూరు చిన్నమ్మమ్మ సంగతా? అయ్యో, అది నీకు గుర్తుండిపోయిందీ! ఏం లేదే. మేం కొత్త కోడళ్ళుగా ఉన్నప్పుడు ఒక ఏడాది ఆవకాయ జాడీ మొత్తం బూజు పట్టిపోయింది. తడి గరిటె పెట్టిందెవరని అత్తగారు అడిగారు. నేను మాట్లాడలేదు, చిన్నమ్మమ్మ వైపు చూశానంతే. ఆ చూపు చాలింది. ఏడాది పాటు ఆవిడని వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఆవిడా ఒక్క మాట అనలేదు, ఇన్నేళ్ళూ అనలేదు. తడి గరిటె పెట్టింది నేనే.

ఒరేయ్ కామేశూ, పొద్దున్నే లేవగానే సాలూరుకి ఫోను కలిపి నా చేతికియ్యి. ఆవిడ వంతు ఎప్పుడో అయిపోయింది.